రోజుకు వెయ్యి గళ్లు

భద్రాచలంలో గుడి మెట్లు దిగి కొట్ల వైపు నడిస్తే కుంకుమ పొట్లాలు, పసుపు తాళ్లు, రాగి చెంబుల మధ్య నోటు పుస్తకాల దొంతర ఒకటి కనిపిస్తుంది. అట్ట మీద పట్టాభిషేకం బొమ్మ. లోపల పేరు, గోత్రం, మొదలుపెట్టిన తేదీ రాసుకోవడానికి కాస్త చోటు. ఆపైన అన్నీ గళ్లే, గడికొక ‘శ్రీరామ’. తెలుగునాట ఇంత చవగ్గా దొరికి, ఇంత చాకిరీ చేయించుకునే ప్రార్థన ఇంకోటి ఉండదేమో. అదే రామకోటి.

కోటి అనడం నోటికి తేలిక. రోజుకు వెయ్యి చొప్పున, ఒక్కరోజూ మానకుండా రాస్తే పదివేల రోజులు పడుతుంది. అంటే 27 ఏళ్లు, పైన నాలుగు నెలలు. నామానికి మూడు సెకన్లు వేసుకున్నా రోజూ 50 నిమిషాలు కూర్చోవాలి. 60వ ఏట రిటైరై కలం పట్టినవారు 87 దాటాక గాని దించలేరు. ఈ లెక్క ముందే కట్టి కూర్చునేవాళ్లు తక్కువ. కట్టినవాళ్లలో కొందరు గడుసుగా లక్షతో సరిపెట్టుకుంటారు. అది వంద రోజుల పని.

మొదలుపెట్టేటప్పుడు చాలామందికి ఓ కోరిక ఉంటుంది. అబ్బాయికి వీసా రావాలి, అమ్మాయికి సంబంధం కుదరాలి, ఆపరేషన్ గట్టెక్కాలి. మొక్కుకుని, మంచిరోజు చూసి మొదటి గడి నింపుతారు. కోరిక ఏదైనా దానికో గడువుంటుంది. వీసా వస్తుంది, లేదా రాదు. పుస్తకం అప్పటికి సగం కూడా కాదు. మరి అడగాల్సింది అయిపోయాక రాయడం ఎందుకు? కొందరు పుస్తకాన్ని అక్కడే అటకెక్కిస్తారు. మిగిలినవారు అదే వేళకు, అదే కిటికీ పక్కన కూర్చుంటూనే ఉంటారు. ప్రార్థనంటే దేవుడికి పెట్టుకునే అర్జీ అనుకునేవారికి ఈ రెండో రకం మనుషులు ఓ పట్టాన అంతుబట్టరు. ఈ కాలమ్ మొగ్గు మాత్రం వాళ్లవైపే.

అలాంటివారిలో తెనాలి వైపు మామ్మగారొకరు. ఇంట్లో పెత్తనం కోడలి చేతికి వెళ్లాక, ‘కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక మీకెందుకు’ అన్న మాట ఆవిడా విన్నారు. కూర్చున్నారు. కాఫీ అయ్యాక మనవడి పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని ఎర్ర ఇంకు పెన్ను తీస్తారు. వంటింట్లో కుక్కర్ కూయగానే, “మూడయ్యాయమ్మాయ్, స్టవ్ కట్టెయ్” అంటారు తలెత్తకుండా. అక్షరం వంకర పోదు. పాలవాడి బాకీ, పక్కింటివాళ్ల బోరు గొడవ, అన్నీ ఆ గళ్ల మధ్యనే నడుస్తుంటాయి. ఇదేం భక్తి అని మనవడు ఏడిపిస్తే, “మనసు ఊరు తిరిగొస్తుందిరా, వచ్చేదాకా చెయ్యి ఇక్కడే కూర్చుంటుంది” అన్నారు.

వాడితో ఆవిడ అసలు తగవు వేరే. వేసవి సెలవుల్లో ఓ పేజీ రాసిపెట్టమంటే వాడు పైనుంచి కిందికి ముందు ‘శ్రీ’లన్నీ దించేశాడు. తర్వాత ‘రా’లు, ఆపైన ‘మ’లు. పేజీ చిటికెలో అయిపోయింది. ఏ ఇంట్లో పిల్లలకైనా ఎవరూ నేర్పకుండానే తట్టే కిటుకే ఇది. చూపుకు ఆ పేజీకీ మామ్మగారి పేజీకీ తేడా లేదు. అవే గళ్లు, అవే అక్షరాలు. “ఇందులో రాముడి పేరు నువ్వెప్పుడు రాశావురా?” అని ఆవిడ దాన్ని లెక్కలోంచి తీసేశారు. ప్రార్థన గురించి రాసిన లావుపాటి పుస్తకాలు కూడా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

లెక్క పెట్టుకోవడం మనవాళ్ల పిచ్చి ఒక్కటే కాదు. హిందువుల జపమాలకు 108 పూసలు. ముస్లింలు నమాజు అయ్యాక మూడు మాటలను 33, 33, 34 సార్లు అనుకుంటూ తస్బీ తిప్పుతారు. కథోలికుల జపమాలలో పదేసి పూసల వరసలు అయిదు. లెక్కను వేళ్లకు అప్పజెప్పేస్తే ఎంతయింది, ఇంకెంతుంది అన్న ఆరాటం బుర్రకు తప్పుతుంది.

కాశీవాళ్లు దీన్ని ఏకంగా బ్యాంకు చేశారు. అక్కడి రామ రమాపతి బ్యాంకు 1926 నుంచి నడుస్తోంది. ఖాతాదారుకు ఇచ్చే అప్పు లక్షా పాతికవేల రామనామాలు. రోజుకు 500 చొప్పున 250 రోజుల్లో రాసి తీర్చాలి. కాగితం, కలం, సిరా బ్యాంకువే. తెల్లవారుజామునే రాయాలి, అన్నాళ్లూ ఉల్లి, వెల్లుల్లి ముట్టకూడదు.

ఇక త్యాగరాజస్వామి లెక్క ముందు ఏ లెక్కా నిలవదు. తిరువయ్యారులో ఉండి తెలుగులో పాడుకున్న ఆయన 21 ఏళ్లలో 96 కోట్ల రామనామం జపించారని సంప్రదాయం. రోజుకు లక్షా పాతికవేల పైమాట. సెకనుకొకటి అనుకున్నా దాదాపు 35 గంటలు కావాలి. ఏ ఆడిటరూ ఈ పద్దుకు సంతకం పెట్టడు. అయినా ఆయన రోజులో నామం లేని క్షణం లేదని చెప్పడానికి భక్తులకు అంతకు చిన్న అంకె చాల్లేదు కాబోలు.

కాగితమే లేనిచోట చెయ్యి ఏం చేస్తుందో గోల్కొండ కోటలో కనిపిస్తుంది. భద్రాచల రామదాసు బందీఖానాగా చూపించే గదిలో గోడరాతి మీద దేవుళ్ల రూపాలు చెక్కి ఉంటాయి. ఖైదులో ఉండగా ఆయనే చెక్కుకున్నారంటారు. నగలకు పెట్టిన ఖర్చంతా ఏకరువు పెట్టి రాముణ్ణి నిలదీసిన మనిషి కూడా ఆయనే.

నిండిన రామకోటి పుస్తకాలను చాలామంది భద్రాచలం తీసుకెళ్లి అప్పగిస్తారు. నిండకుండా మిగిలిపోయిన వాటికి ఇంటికో పద్ధతి. కొందరిళ్లలో మిగతా గళ్లు కూతురో కోడలో పూర్తిచేస్తారు.

ఇప్పుడు ఫోన్లో రామకోటి ఆప్‌లొచ్చాయి. తెర మీద వేలితో దిద్దించేవి కొన్ని, తాకితే చాలు నామం పడిపోయేవి కొన్ని. చెయ్యి వణికే పెద్దవాళ్లకు రెండోదీ మంచిదే. మామ్మగారి మనవడు ఆ రెండో రకమే దించుకుని, సాయంత్రానికల్లా మూడువేలు దాటానని చూపించాడు.

“ఇందులో ముందు ఏ అక్షరం పడుతుందిరా?”

“అన్నీ ఒకేసారి పడతాయి మామ్మా.”

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశారు. “పదికొకటి చొప్పున వేసుకుందాం. మూడొందలు రాసుకో” అని బేరం తెగ్గొట్టేశారు.