పేరు లేని ఎనిమిది పాటలు

2002 అక్టోబరులో ఐస్‌లాండ్ బ్యాండ్ సిగుర్ రోస్ విడుదల చేసిన ఆల్బమ్‌కు పేరు లేదు. అట్ట మీద ఎదురెదురుగా రెండు బ్రాకెట్లు, మధ్యలో ఖాళీ. లోపలి ఎనిమిది పాటలకూ పేర్లు పెట్టలేదు. సీడీతో వచ్చే చిన్న పుస్తకంలో పాటల సాహిత్యం ఉండాల్సిన పన్నెండు పేజీలూ ఖాళీగా వదిలేశారు. విన్నాక మీకు తోచింది మీరే రాసుకోండి, బొమ్మ గీసుకోవాలనిపిస్తే గీసుకోండి అన్నది వాళ్ల ఉద్దేశం. శ్రోత అభిప్రాయానికి ఆల్బమ్‌లోనే కాగితం కేటాయించారన్నమాట.

ఆ అభిప్రాయాలు ఒకదానికొకటి పొసగవు. దుఃఖంలో ఉన్నప్పుడు తమను నిలబెట్టిన సంగీతం ఇదేనని కొందరంటారు. డెబ్బై రెండు నిమిషాల పాటు ఏమీ జరగలేదని ఇంకొందరంటారు. ఆ గొంతు దేవాలయంలో విన్నట్టుందని ఒకరు, ఆ ముద్దమాటలు భరించలేకపోయానని మరొకరు. ఇవన్నీ రుచిభేదాలని తోసేయడం నాకు ఇష్టం లేదు. పొగిడినా తెగిడినా ప్రతి మాటా ఈ వాద్యకారులు తెలిసి ఎంచుకున్న ఏదో ఒక పద్ధతి మీదే వెళ్లి వాలుతోంది. ‘ఏమీ జరగలేదు’ అన్న శ్రోత కూడా శ్రద్ధగానే విన్నాడు. జరగకుండా ఆపింది ఆ బ్యాండే.

సిగుర్ రోస్ సంగీతాన్ని పోస్ట్-రాక్ అంటారు. ఆ పేరును 1994లో బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ప్రచారంలోకి తెచ్చాడు. గిటార్, బేస్, డ్రమ్స్ వంటి రాక్ వాద్యాలనే తీసుకుని, రాక్‌కు అక్కరలేని పనులకు వాడే బృందాల గురించి ఆయన రాశాడు. వాటిలో గిటార్ పని నాదానికి రంగు పూయడం, మందం ఇవ్వడం. అంతకు ముందే 1988లో లండన్ బ్యాండ్ టాక్ టాక్ చీకటి స్టూడియోలో నెలల తరబడి కూర్చుని ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ చేసి దారి వేసింది. ఆ దారిలోనే షికాగోలో టార్టాయిస్, గ్లాస్గోలో మోగ్వాయ్, మాంట్రియల్‌లో గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్ నడిచాయి. సిగుర్ రోస్ 1994లో రేక్యావిక్‌లో మొదలైంది. ఈ పేరులేని ఆల్బమ్ వాళ్ల మూడోది.

దీన్ని మొదటిసారి వినేవాళ్లు గిటార్ ఎక్కడుందని వెతుక్కుంటారు. అది దాదాపు అంతటా ఉంది. గాయకుడు యోన్సీ దాన్ని మీటడు, చెల్లో కమానుతో రాస్తాడు. లెడ్ జెప్పెలిన్‌లో జిమ్మీ పేజ్ ఎప్పుడో గిటార్ మీద వయొలిన్ కమాను వాడాడు. యోన్సీ మాత్రం ప్రధానంగా వాయించే పద్ధతే అది. దీని వల్ల వచ్చే తేడా చాలా పెద్దది. తీగను మీటితే మొదట ఒక దెబ్బ వినిపిస్తుంది, ఆ తర్వాత నాదం అరిగిపోతూ పోతుంది. ఆ మొదటి దెబ్బ వల్లే మన చెవి ‘ఇది గిటార్’ అని పోల్చుకుంటుంది. కమానుతో ఆ దెబ్బ ఉండదు, నాదం నెమ్మదిగా పెరుగుతూ వస్తుంది. పైగా వయొలిన్ బ్రిడ్జి వంపుగా ఉంటుంది కనుక కమాను ఏ తీగనైనా విడిగా తాకగలదు. గిటార్ బ్రిడ్జి దాదాపు చదును. నడిమి తీగ ఒక్కదాన్నే పలికించడం కష్టం, పక్క తీగలు కూడా మోగుతాయి. ఆ కలగాపులగపు మోతకు దీర్ఘమైన రివర్బ్ (ప్రతిధ్వని) తోడైతే, ఒక స్వరం తోక ఆరిపోకముందే ఇంకో స్వరం వచ్చి దాని మీద పడుతుంది. అది ఆర్గనో, గాలో, దూరంగా పాడుతున్న బృందమో తేల్చుకోలేం. ‘అంతా ఒకేలా ఉంది’ అనే ఫిర్యాదుకూ, ‘ఒక చోటులో ఉన్నట్టుంది’ అనే మెచ్చుకోలుకూ మూలం ఈ ఒక్క కమానే.

చోటు అన్నాను కాబట్టి: ఆల్బమ్ చాలావరకు రికార్డయింది మోస్‌ఫెల్స్‌బైర్ అనే ఊళ్లో, 1930ల నాటి ఈతకొలను భవనంలో. బ్యాండ్ దాన్ని కొని స్టూడియోగా మార్చుకుంది.

ఇక ఆ గొంతు. యోన్సీ పల్చని దొంగగొంతుతో పాడేది ఐస్‌లాండిక్ భాషలో కాదు. అవి ఏ భాషకూ చెందని అక్షరాలు, వాటికి వ్యాకరణం గానీ అర్థం గానీ లేవు. గొంతు వినిపించే పాటలన్నిటా దాదాపు అవే అక్షరాలు తిరిగితిరిగి వస్తాయి. మాట లేని గానం మనకు కొత్తేమీ కాదు. ఆలాపనలో అర్థం వెతకం. కానీ ఆలాపన రాగంలోకి అడుగు అడుగుగా వెళ్తుంది, ప్రతి సంగతీ కొత్త మలుపు చూపుతుంది. ఇక్కడ గొంతు ఉన్నచోటే ఉంటుంది. దాని కింద స్వరమేళం మారుతుంది, అమీనా అనే బృందపు వయొలిన్లు వచ్చి చేరతాయి, డ్రమ్స్ బరువెక్కుతాయి. మొదటి పాటలో ఊరడింపులా వినబడిన అక్షరాలే ఏడో పాటలో మొరలా వినబడతాయి. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే పని ఇదే. అర్థాన్ని తీసేసి, అదే ధ్వనిని వేర్వేరు వెలుతురుల్లో నిలబెట్టి చూపించారు. దీన్ని సోమరితనం అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించలేను.

మూడో పాటలో గొంతు అసలే లేదు. పియానో మీద ఒక చిన్న వరస మళ్లీ మళ్లీ వస్తూ పైస్థాయికి చేరుతుంది, అంతే. విసుగు పుట్టే అవకాశం ఇక్కడే ఎక్కువ. బస్సు మోతలో చిన్న ఇయర్‌ఫోన్లతో వింటే ఈ పాటలో ఏమీ మిగలదు. మారేదంతా నాదపు అంచుల్లోనే ఉంది మరి.

నాలుగో పాట తర్వాత 36 సెకన్ల నిశ్శబ్దం పెట్టారు. దానికి ముందున్న నాలుగూ తేలికైనవి, వెనకున్న నాలుగూ చీకటివి, పొడవైనవి. రెండు బ్రాకెట్లూ ఈ రెండు సగాలే. మొదటి సగాన్ని ప్రేమించేవాళ్లు రెండో సగం దగ్గర ఆపేయడం, రెండో సగం కోసమే వచ్చేవాళ్లు మొదటిదాన్ని ఓర్చుకోవడం మామూలే. నేను రెండో వర్గం మనిషిని.

కారణం ఎనిమిదో పాట. పన్నెండు నిమిషాలకు కాస్త తక్కువ. పోస్ట్-రాక్ మీద ఉన్న పాత ఆక్షేపణ, మెల్లగా మొదలై హోరుగా ముగియడం తప్ప దానికి ఇంకోటి రాదని. చాలా బృందాల విషయంలో అది నిజమే, శబ్దం పెంచడాన్నే నిర్మాణం అనుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఈ పాటలో పెరిగేది శబ్దం ఒక్కటే కాదు. మొదట్లో డ్రమ్మర్ ఓరి దీరసన్ దెబ్బకూ దెబ్బకూ మధ్య బోలెడంత చోటు వదులుతాడు. ఆ చోటు క్రమంగా పూడుకుపోతుంది. గొంతు పైకెక్కుతుంది, గిటార్ గరుకెక్కుతుంది. చివరి నిమిషాల్లో డ్రమ్స్ కట్టు తెంచుకుంటాయి. ఎక్కడ మొదలైందో పట్టుకుందామని వెనక్కి వెళ్లి వింటే ఆ చోటు దొరకదు. కచేరీలను ఈ బ్యాండ్ సాధారణంగా ఈ పాటతోనే ముగిస్తుంది.

ఒక అభ్యంతరాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకోవాలి. పేజీలు ఖాళీగా ఇచ్చారు గానీ శ్రోతను నిజంగా స్వేచ్ఛగా వదల్లేదు. ఏడో పాట విని పెళ్లి సందడిని ఊహించేవాళ్లు ఉంటారనుకోను. పదమూడు నిమిషాల ఆ నడక, ఆ మందగతి మనల్ని ఒకే వైపు నెడతాయి. బ్యాండ్ వాళ్లు తమలో తాము ఈ పాటలకు ముద్దుపేర్లు పెట్టుకున్నారు కూడా: ఏడోది ‘చావుపాట’, ఎనిమిదోది ‘పాప్ పాట’. అభిమానులకు ఆ పేర్లు ఎప్పుడో తెలిసిపోయాయి. నాలుగో పాట ఆల్బమ్ రాకముందే, 2001లో, ‘వెనిలా స్కై’ సినిమాలో కచేరీ రూపంలో వినిపించింది. మొదటి పాట వీడియోలో దర్శకురాలు ఫ్లోరియా సిగిస్మొండి గ్యాస్ మాస్కులు తొడుక్కున్న బడిపిల్లలను నల్లటి మంచులో ఆడించింది. ఆ వీడియో చూశాక ఆ పాటను వేరేగా వినడం చాలామందికి సాధ్యం కాలేదు. ఖాళీ పేజీ అంత తేలిగ్గా ఖాళీగా ఉండదు.

2005లో వచ్చిన ‘తాక్’ ఆల్బమ్‌లో పాటలకు మళ్లీ పేర్లు వచ్చాయి, మాటలు ఎక్కువగా ఐస్‌లాండిక్‌లోకి తిరిగొచ్చాయి. ఆ తర్వాత కూడా సిగుర్ రోస్ పేర్లు లేని పాటలతో ఆల్బమ్ చేయలేదు. 2022లో, ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా, బ్రాకెట్ల ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసి మళ్లీ విడుదల చేశారు. పాటలకు పేర్లు మాత్రం అప్పుడూ పెట్టలేదు.