రకం అడగాలా, పని చూడాలా

26 మస్టర్లకు, అంటే గనిలో 26 రోజుల హాజరుకు, ఒకటి కలిపితే 27. సింగరేణి ఇళ్లల్లో చిన్నపిల్లలకూ తెలిసిన లెక్కే. జావాస్క్రిప్ట్‌లో రాసిన ప్రోగ్రాం మాత్రం 261 అని చెప్పేయొచ్చు. ఫారంలో ఎవరో టైపు చేసిన 26 దాని దృష్టిలో అంకె కాదు, అక్షరాల వరుస. పక్కన 1 అతికించి ఊరుకుంటుంది. పైథాన్ అయితే అక్కడే ఆగి, ఈ రెండూ కలవవని మొరాయిస్తుంది. నా ఓటు ఆ మొండితనానికే. తప్పు జీతం బిల్లు కంటే ఆగిపోయిన ప్రోగ్రాం నయం.

రామగిరి మండలం సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి విద్యార్థి ఒకరు మస్టర్ల లెక్కకు పైథాన్‌లో ప్రోగ్రాం రాస్తున్నారనుకుందాం. ‘కార్మికుడు’ అని ఒక క్లాసు, దాని కింద ఫిల్లర్, ట్రామర్, సర్దార్. చేతికొచ్చిన ఆబ్జెక్టు ఏ రకమో తేల్చడానికి రెండు దారులున్నాయి. ‘టైప్’ అని అడిగితే దాని సొంత క్లాసు ఒక్కటే తెలుస్తుంది. ట్రామర్ ట్రామరే, అది ‘కార్మికుడు’తో సమానం కాదు. ‘ఇజ్‌ఇన్‌స్టన్స్’ అయితే వంశం మొత్తం చూసి ట్రామర్ కూడా కార్మికుడేనని ఒప్పుకుంటుంది. చాలాసార్లు మనకు కావలసింది ఈ రెండోదే.

అందులోనూ ఓ తిరకాసుంది. పైథాన్‌లో అవును, కాదు అని చెప్పే ట్రూ, ఫాల్స్ విలువలు 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి పూర్ణాంకాల సంతానమే. మస్టర్ల గడిలో పొరపాటున ట్రూ పడిందా, అడిగితే ‘పూర్ణాంకమే’ అంటుంది, కూడితే ఒక మస్టరవుతుంది. జావాస్క్రిప్ట్ వింత ఇంకొకటి: ఏమీ లేదని చెప్పే ‘నల్’ను ‘టైప్‌ఆఫ్’తో అడిగితే ఆబ్జెక్టునంటుంది. 1995 నాటి ఆ పొరపాటును ఇప్పుడు దిద్దితే పాత వెబ్‌సైట్లు దెబ్బతింటాయని అలాగే వదిలేశారు.

అసలు ఇబ్బంది రకం అడగడం అలవాటైపోవడంలో ఉంది. ఫిల్లరైతే ఈ అలవెన్సు, సర్దారైతే ఆ అలవెన్సు అని ఇఫ్‌లు పేర్చుకుంటూ పోతారు. అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం దిగి షీరర్ ఆపరేటర్ అనే కొత్త కొలువు పుడితే ఆ ఇఫ్‌లన్నీ వెతికి మార్చాలి. ఒక్కటి మరిచినా ఆ ఆపరేటర్ అలవెన్సు గల్లంతే. దానికి బదులు ‘నీ అలవెన్సు ఎంత’ అన్న ప్రశ్నకు ప్రతి క్లాసూ తానే జవాబు చెప్పేలా రాస్తే, పిలిచేవాళ్లకు కొలువు పేరుతో పనే ఉండదు.

పేరు పక్కనపెట్టి పని చూసే ఈ పద్ధతిని డక్ టైపింగ్ అంటారు. బొగ్గు ప్రాంతం వాళ్లకిది కొత్తేమీ కాదు. ఒకప్పుడు బొగ్గులో బూడిద, తేమ ఎంత శాతమో చూసి, సూత్రంతో లెక్కగట్టి ఎ నుంచి జి దాకా గ్రేడు వేసేవారు. 2012 జనవరి నుంచి పద్ధతి మారింది. నమూనాను బాంబ్ క్యాలరీమీటరులో కాల్చి, కిలోకు ఎన్ని కిలోక్యాలరీల వేడి వస్తుందో కొలిచి జి-1 నుంచి జి-17 దాకా గ్రేడు ఇస్తున్నారు. ఎన్టీపీసీ బాయిలర్‌కు కావలసింది వేడే కదా!

అయితే పనిని నమ్మడానికీ హద్దుంది. పేర్ల జాబితా ఇవ్వాల్సిన చోట ఒకే పేరు ఇచ్చారనుకోండి. పైథాన్ లూపుకు రెండూ ఒకలాగే తిరుగుతాయి. ఆ పేరును అక్షరాలుగా విడదీసి, ఒక్కో అక్షరాన్నీ ఒక కార్మికుడి కింద జమకట్టేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. 2015లో 3.5 వెర్షన్‌తో వచ్చిన టైప్ హింట్లు ఇక్కడ కొంత ఆదుకుంటాయి. కానీ ప్రోగ్రాం నడిచేటప్పుడు పైథాన్ వాటిని పట్టించుకోదు, ముందుగా మైపై లాంటి సాధనంతో పరీక్షించుకోవాల్సిందే. పైగా, అక్షరాల వరుస మీద తిరిగితే వచ్చేవీ అక్షరాల వరుసలే కాబట్టి, హింటును వదులుగా రాస్తే ఆ సాధనమూ ఈ తప్పును పట్టలేదు.

అందుకే బయటి నుంచి డేటా వచ్చే గుమ్మం దగ్గర ఒక్కసారి గట్టిగా అడగాలి: పూర్ణాంకమేనా, ట్రూ, ఫాల్స్ కాదు కదా, సున్నా నుంచి 31 లోపేనా? ఆ గుమ్మం దాటిన విలువను లోపల ప్రతి ఫంక్షనూ మళ్లీ నిలదీయనక్కర్లేదు.