పెద్దలకు అక్షరం నేర్పే నేర్పు

పలకలకు పేరుపడ్డ మార్కాపురం ప్రాంతంలో వయోజనులకు రాత్రిబడి నడపడం గొప్ప నాయకత్వం. ఎదుట కూర్చున్నవారు పగలంతా గనుల్లోనో చేలల్లోనో శ్రమించినవారు, చాలామంది వయసులో పెద్దవారు. అందుకే మంచి బోధకులు ‘అక్కా’, ‘పెద్దయ్యా’ అనే పిలుస్తారు. పాఠాన్ని వాళ్ల సొంత పేర్లతోనే మొదలుపెడతారు. జాబ్‌కార్డు, పొదుపు సంఘం పాస్‌బుక్, గిద్దలూరు బస్సు బోర్డు పాఠాలవుతాయి. తప్పును నలుగురిలో ఎత్తిచూపరు. సరైన అక్షరాన్ని పక్కనే రాసి చూపుతారు. కోతల రోజుల్లో రానివారిని ఇంటికెళ్లి పలకరిస్తారు. ముందు నేర్చినవారికి పక్కవారిని అప్పగిస్తారు. ఇలాంటి తరగతులు ధైర్యాన్నీ ఇస్తాయి: 1990ల తొలినాళ్లలో పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొలకెత్తింది అక్షరాస్యత తరగతుల మహిళల్లోంచే. వేలిముద్ర పోయి సంతకం రావాలి, సంతకంతోపాటు ధైర్యమూ రావాలి. మంచి బోధనకు గీటురాయి అదే.