లా ఫ్రాన్స్‌కు లేని చీటీ

హైబ్రిడ్ టీ గులాబీల చరిత్ర లా ఫ్రాన్స్‌తో మొదలవుతుందంటారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నర్సరీ యజమాని గియ్యో 1867లో విడుదల చేసిన, వెండి మెరుపున్న లేత గులాబీరంగు పువ్వు అది. పదిహేనేళ్లకు, 1882లో, ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ రైతు హెన్రీ బెనెట్ లేడీ మేరీ ఫిట్జ్‌విలియమ్‌ను తెచ్చాడు. కీర్తి మొదటిదానిది. గులాబీలకు ఎక్కువ మేలు జరిగింది మాత్రం రెండోదాని వల్లే.

ఆనాటి ఫ్రెంచి తోటల్లో గింజలు విత్తి, మొలిచినవాటిలో మేలైనవి ఏరుకునేవారు. పుప్పొడి ఎక్కడిదో ఎవరూ రాసిపెట్టేవారు కాదు. అందుకే లా ఫ్రాన్స్ తల్లిదండ్రులెవరో గియ్యో కూడా ఖాయంగా చెప్పలేకపోయాడు. పైగా మూడు క్రోమోజోమ్ సమితుల మొక్క కావడంతో దానికి గింజ కట్టడమే అరుదు. అది గియ్యో తప్పు కాదు. కానీ అలాంటి పువ్వును మళ్లీ సాధించే దారి ఎవరికీ దొరకలేదు.

బెనెట్ పశువులను పెంచినవాడు. ఏ దూడ ఏ ఆవుకు, ఏ ఆబోతుకు పుట్టిందో రాసుకునే అలవాటును గులాబీలకూ తెచ్చాడు. మొగ్గ విచ్చకముందే రేకలు, కేసరాలు తీసేసి, కోరుకున్న మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, ఆ జంట పేర్లు రాసిపెట్టుకోవడం ఈ పద్ధతి. 1879లోనే పది గులాబీలను వంశం తెలిసిన సంకరాలుగా అమ్మకానికి పెట్టాడు. లేడీ మేరీకి తల్లి డెవోనియెన్సిస్, తండ్రి విక్టర్ వెర్డియర్. ఆ మొక్క ఎదుగుదల అంతంతమాత్రమే అయినా, సంతానం గొప్పది. ఫ్రెంచి సంకరకర్త పెర్నే-డ్యుషే 1890లో తెచ్చిన మదామ్ కరోలిన్ టెస్టూ దాని బిడ్డే. 1895 నాటి మిసెస్ డబ్ల్యు.జె. గ్రాంట్‌కు లా ఫ్రాన్స్, లేడీ మేరీ ఇద్దరూ కన్నవారే. ఆ వంశవృక్షంలో ఒక కొమ్మ తాతముత్తాతల దాకా పోతుంది, రెండోది లా ఫ్రాన్స్ దగ్గరే ఆగిపోతుంది.

వంశం చెబితే లోపమూ తెలుస్తుంది. 1900లో పెర్నే-డ్యుషే తెచ్చిన సొలేయ్ దోర్‌తో తోట గులాబీల్లోకి గాఢమైన పసుపు వచ్చింది. దాని వెంట నల్లమచ్చ తెగులు బెడదా పెరిగింది. రెండూ దాని పూర్వికురాలైన పర్షియన్ ఎల్లో గులాబీ నుంచే వచ్చాయని తరువాతివారు గుర్తించారంటే, పెర్నే-డ్యుషే ఆ పేరు దాచకపోవడమే కారణం.

గియ్యో తెలియక చెప్పలేదు. నేడు చాలా కంపెనీలకు తెలుసు, అయినా 'పేరులేని మొలక × పేరులేని మొలక' అని రాసి ఊరుకుంటాయి. పోటీదారు కాపీ కొడతాడన్న భయం నిలవదు. ఒకే జంటను వందసార్లు కలిపినా గులాబీలో ఏ రెండు మొలకలూ ఒకేలా రావు. రకానికి రక్షణ కావాలంటే చట్టాలున్నాయి. మన 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం దరఖాస్తులోనే తల్లిదండ్రుల వివరాలు అడుగుతుంది. అధికారికి చెప్పినది కొనేవాడికి చెప్పడానికి అభ్యంతరం ఎందుకు?

ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన వీరు వీరరాఘవన్ కొడైకెనాల్‌లో మన అడవి గులాబీలు జైజాంటియా, క్లైనోఫిల్లాలతో వేడిని తట్టుకునే రకాలకు పూనుకున్నారు. ఏ జాతులు వాడుతున్నారో బాహాటంగా రాశారు. కడియం నర్సరీలో గులాబీ అంటు కొనే మనిషికి కావలసింది సరిగ్గా ఆ సమాచారమే: ఇది చలిదేశపు వంశమా, మన ఎండకు ఆగే రక్తం ఇందులో ఏమైనా ఉందా? చీటీ మీది బొమ్మ దానికి జవాబు చెప్పదు, తల్లిదండ్రుల పేర్లు చెబుతాయి. ప్రతి కొత్త గులాబీ చీటీ మీదా ఆ రెండు పేర్లూ ఉండి తీరాలి.