బ్యారెల్ పొడవు ఎంతుండాలి?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పక్షుల వేటకు దాదాపు తెరపడింది. నేనుంటున్న మిన్నెసోటాలో మాత్రం లైసెన్సు తీసుకుని, పరిమితులకు లోబడి ఏటా శరదృతువులో వేటాడతాం. సీజను దగ్గరపడితే కొత్తగా షాట్‌గన్ కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బ్యారెల్ 26 అంగుళాలా, 28 అంగుళాలా, 30 అంగుళాలా?

పొడవు పెరిగితే దెబ్బ దూరం పోతుందని చాలామంది నమ్మకం. అది నల్ల తుపాకిమందు కాలం నాటి మాట. ఇప్పటి పొగలేని మందు చాలావరకు బ్యారెల్ మొదటి సగంలోనే కాలిపోతుంది. రెండంగుళాలు తగ్గినంత మాత్రాన పెల్లెట్ల వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అవి ఎంత గుంపుగా వెళ్లాలో తేల్చేది బ్యారెల్ మూతి దగ్గరుండే చోక్.

పొడవు ప్రభావమంతా మన చేతుల కదలిక మీదే. ఇక్కడి ఆస్పెన్ పొదల్లో రఫ్‌డ్ గ్రౌజ్ పక్షి లేచిందంటే చూస్తుండగానే చెట్ల చాటుకు పోతుంది. కొమ్మలకు తగలకుండా చప్పున భుజానికెత్తాలంటే 26 అంగుళాలే హాయి. పక్కనున్న సౌత్ డకోటా మొక్కజొన్న చేల అంచున ఫెజెంట్ పక్షి లేచినా, నీటి మీద బాతులు అడ్డంగా ఎగిరినా సంగతి వేరు. అక్కడ 28 గానీ 30 గానీ కావాలి. ముందువైపు బరువున్న తుపాకి ఒకసారి పక్షి వెంట కదిలితే మధ్యలో తేలిగ్గా ఆగదు. అడ్డంగా పోయే పక్షి వెనక్కి దెబ్బ పోవడానికి పెద్ద కారణం, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చెయ్యి ఆగిపోవడమే.

అంకె ఒక్కటే చూసి కొనకూడదు. పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో బ్యారెల్ వెనకుండే రిసీవర్ పొడవు కాబట్టి, 26 అంగుళాల పంప్ మొత్తం పొడవులో 28 అంగుళాల డబుల్ బ్యారెల్‌ను మించవచ్చు. పైగా 1920ల్లోనే లండన్ తుపాకుల తయారీదారు రాబర్ట్ చర్చిల్ 25 అంగుళాల బ్యారెల్‌ను గట్టిగా సమర్థించాడు. పొట్టి బ్యారెల్‌తోనూ బాగా కాల్చవచ్చని ఆ తుపాకులు చూపించాయి.

అందుకే అడిగినవాళ్లకు నేను చెప్పేదిదే. ముందు మీరు వెళ్లే నేల, వేటాడే పక్షి తేల్చుకోండి. తర్వాత రేంజిలో రెండు పొడవులతోనూ గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను కాల్చి చూడండి. ఎందుకంటే, గాయపడి గడ్డిలో పడ్డ పక్షి కుక్కకు కూడా దొరక్కపోతే, ఆ ప్రాణం వృథాగా పోయినట్టే. ఒక్క దెబ్బతో ముగించగల తుపాకిని ఎంచుకోవడం వేటగాడి మొదటి బాధ్యత. దుకాణంలో ఎంత సేపు పట్టినా, ఆ ఎంపికలో తొందరపడకండి.