ముందు కళ్లు, ఆ తర్వాతే గన్

పెయింట్‌బాల్ మీద మోజు పడ్డ కుర్రాళ్లు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే: గన్ ఎంతకొస్తుంది? మాస్కు గురించి ముందుగా అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. బూట్ల ఊసైతే అసలే ఉండదు. అందుకే ఈ వారం ఆ ఊసే ఎత్తుతున్నాను. వానలు ముసిరినప్పుడూ, ఆ తర్వాత ఆదిలాబాద్ వైపు చలి మొదలైనప్పుడూ ఈ ఆటలో జేబుకు చిల్లుపడేది గన్‌తో కాదు, మిగతా సామానుతో.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. రంగు ద్రవం నింపిన చిన్న జిలటిన్ గోళీని గాలి ఒత్తిడితో కొట్టే గన్ ఉంటుంది. గోళీ తగిలి పగిలితే ఆటగాడు ఔట్. రెండు జట్లు, రెండు జెండాలు, దాక్కోవడానికి డ్రమ్ములు, టైర్లు, తడికెలు. కరీంనగర్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్ శివారు గ్రౌండ్లకు చేరి, ఎండెక్కకముందే రెండు ఆటలాడి, దారిలో బిర్యానీ తిని తిరిగొచ్చే బృందాలను నేనెరుగుదును. అక్కడ గన్, గోళీలు, మాస్కు అన్నీ అద్దెకిస్తారు. కాబట్టి మనవైపు నుంచి వెళ్లేవాడికి అసలు ప్రశ్న ఏం కొనాలన్నది కాదు, అద్దె సామానులో దేన్ని నమ్మకూడదన్నది.

మా అక్క కొడుకు ఇంగ్లండులో లెస్టర్‌లో చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, “మామా, ఈడ అడవిల ఆడిస్తరు. ఎప్పుడు చూసినా చినుకులే. సెకండ్ల ఒక గన్ అగ్గువకు వస్తున్నది, కొనుమంటవా?” అన్నాడు. “ముందు నీ కండ్లకేం కొన్నవ్‌రా?” అన్నాను. కాసేపు చప్పుడు లేదు. “గ్రౌండోళ్లే ఇస్తరు కదా” అన్నాడు. ఆ తర్వాత అరగంట మాట్లాడుకున్నాం. అందులో సగం ఇక్కడ రాస్తున్నాను. మిగతా సగం వాడి అటెండెన్స్ గురించి.

వాడి దగ్గర చలీ తడీ కలిసి వస్తాయి. మన దగ్గర వేర్వేరుగా వస్తాయి. శ్రావణంలో ముసురు పట్టిందంటే ఒళ్లంతా తడే గానీ వణుకు తక్కువ. డిసెంబరు, జనవరిలో బేల, సిర్పూర్(యు), గిన్నెధరి పేర్లు పేపర్లో వస్తాయి చూడండి, రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలని. పాదరసం ఒక అంకెకు దిగుతుంది. అప్పుడు వాన ఉండదు గానీ తెల్లవారుజామున గడ్డి మీద మంచు మోకాళ్ల దాకా తడిపేస్తుంది. పొద్దున ఏడింటికి ఆట మొదలుపెట్టారంటే అది పొడి ఆట కానే కాదు.

ఇక మాస్కు సంగతి. గ్రౌండ్లలో గోళీ వేగాన్ని మామూలుగా సెకనుకు 280 నుంచి 300 అడుగుల మధ్య కట్టడి చేస్తారు. 300 అడుగులంటే గంటకు 330 కిలోమీటర్ల దరిదాపు. గోళీ 17 మిల్లీమీటర్ల లావు, మూడు గ్రాముల బరువు. వీపుకు తగిలితే కమిలిపోతుంది, నాలుగు రోజులు గొప్పగా చూపించుకోవచ్చు. కంటికి తగిలితే కన్నే పోతుంది. అందుకే ఏ గ్రౌండులోనైనా మొదటి నియమం, ఆట జరుగుతున్నంతసేపు మాస్కు తీయకూడదని. ఆ నియమం అందరికీ తెలుసు. అయినా తీస్తారు. పొగరుతో కాదు, కనబడక.

చల్లని పొద్దున మాస్కు పెట్టుకుని పరుగెత్తండి. లోపలి నుంచి వేడి ఊపిరి, చెమట ఆవిరి వెళ్లి చల్లబడ్డ అద్దానికి తగులుతాయి. ముందు అంచుల్లో సన్నటి తెల్లపొర కడుతుంది. పది అడుగులు వేసేసరికి ఆ పొర మధ్యకు పాకుతుంది. ఎదుటి డ్రమ్ము ఒక నీలం మరకలా మిగులుతుంది. అప్పుడు చెయ్యి దానంతటదే గదవ దగ్గరికి పోతుంది, మాస్కు కాస్త ఎత్తి వేలితో తుడుచుకుందామని. ప్రమాదమంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది. అద్దె మాస్కుల్లో చాలావాటికి ఒంటిపొర అద్దమే ఉంటుంది. చలికీ తడికీ అది పనికిరాదు. రెండు పొరల అద్దం, అదే థర్మల్ లెన్సు, అడిగి మరీ కొనాలి. రెండు పొరల నడుమ చుట్టూ నురగపట్టీ, మధ్యలో కదలని గాలి. బయటి పొర ఎంత చల్లబడ్డా లోపలి పొర వెచ్చగా ఉంటుంది, ఆవిరి పట్టదు. ఇది గనక ఉంటే మాస్కెత్తే బుద్ధే పుట్టదు.

దీన్ని చూసుకోవడంలోనూ ఒక పద్ధతుంది. ఆటయ్యాక రంగు పోవాలని బకెట్లో ముంచొద్దు, నల్లా కింద పెట్టొద్దు. పొరల మధ్యకు నీళ్లు దిగితే మళ్లీ రావు, అద్దం అక్కడితో సరి. బయటి వైపు తడిబట్టతో, లోపలి వైపు మెత్తటి పొడిబట్టతో అద్దినట్టు తుడవాలి. లోపల ఆవిరి పట్టకుండా వేసిన పూత ఉంటుంది, రుద్దితే లేచిపోతుంది. కిటికీ అద్దాలు తుడిచే ద్రావణాలు దీనికి విషం. బైకు హెల్మెట్, ఈత కళ్లద్దాలు, వెల్డింగు దుకాణంలో దొరికే కళ్లజోడు, వీటితో పని కానిద్దామనేవాళ్లూ ఉన్నారు. వద్దు. పెయింట్‌బాల్ మాస్కులకు అమెరికాలో ప్రత్యేకమైన ప్రమాణమే ఉంది, ఏఎస్‌టీఎం ఎఫ్1776 అని. డబ్బా మీద ఆ గుర్తు చూసి కొనండి. ఒక్క కళ్లకే కాదు, చెవుల్ని, నోటిని కూడా కప్పేదై ఉండాలి.

బట్టల విషయంలో మనవాళ్లు చేసే పని జీన్స్ వేసుకెళ్లడం. తడిసిన జీన్స్ బరువెక్కుతుంది, సాయంత్రం దాకా ఆరదు, మోకాలు మడవనివ్వదు. నూలు బనీను కూడా అంతే, చెమటను పీల్చుకుని ఒంటికే అంటుకుంటుంది. దుకాణాల్లో చవగ్గా దొరికే పాలిస్టర్ ఆటల టీషర్టు, దాని మీద పాత ఉన్ని స్వెట్టర్, పైన వదులుగా ఒక గాలి చొరని జెర్కిన్, ఇవి చాలు. బైకు మీద వేసుకునే రబ్బరు రెయిన్‌కోట్ మాత్రం వేసుకోకండి. వాన లోపలికి రాదు నిజమే, లోపలి ఆవిరి కూడా బయటికి పోదు. మెడ దగ్గర్నుంచి పైకి తన్నుకొచ్చి నేరుగా మాస్కులోకే చేరుతుంది.

ఉన్ని అనగానే గొంగడి గుర్తుకు రాక మానదు. దక్కని గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన గొంగడిని కొప్పెరగా మడిచి తల మీదేసుకుని, నాట్ల కాలంలో పొద్దంతా వానలో నిలబడిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేసేవాళ్లు. తడిసినా వెచ్చగా ఉంచడం ఉన్ని గుణం, ఆ గుణాన్నే ఇవాళ కంపెనీలు కొత్త పేర్లతో వేలకు వేలు పెట్టి అమ్ముతున్నాయి. గొంగడి కప్పుకుని పెయింట్‌బాల్ ఆడమని నేననను, పరుగెత్తలేం. ఆట మధ్యలో కూర్చున్నప్పుడు భుజాల మీద వేసుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు. ఇంట్లో అటక మీద ఉంటే దింపండి.

కాళ్లకొస్తే నేల చూసి కొనాలి. ఆదిలాబాద్ నల్లరేగడిలో వాన పడ్డాక నాలుగడుగులు వేస్తే ఒక్కో బూటుకు సేరు మట్టి అంటుకుంటుంది. కరీంనగర్ చల్కలో జారుతుంది గానీ అంత అంటుకోదు. గోదావరిఖని, మందమర్రి వైపు సింగరేణి కార్మికుల కోసం అమ్మే సేఫ్టీ బూట్లు బాగా గట్టివి, మా వాళ్లు కొందరు అవే కొన్నారు. నాకు నచ్చలేదు. ముందు ఇనుప టోపీ ఉండేసరికి బరువు, చలిలో ఆ ఇనుము కాలివేళ్లను ఇంకా చల్లబరుస్తుంది. గమ్ బూట్లలో పరుగెత్తలేం. ఫుట్‌బాల్ ఆడే రబ్బరు స్టడ్ల బూట్లు చవకవి, తేలికవి, మట్టి కూడా దులిపితే పోతుంది. ఒక జత ఉన్ని సాక్సు సంచిలో అదనంగా పెట్టుకోండి.

గన్ ఎలాగూ అద్దెదే కాబట్టి దాని గురించి తెలుసుకోవాల్సింది ఒక్కటే: అందులో ఏ గాలి ఉంది? కొన్ని కార్బన్ డయాక్సైడుతో నడుస్తాయి, కొన్ని మామూలు గాలినే గట్టిగా కుక్కిన సిలిండర్లతో. కార్బన్ డయాక్సైడు సిలిండర్లో ద్రవంగా ఉంటుంది, అది మరిగితేనే ఒత్తిడి పుడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి 70 రెట్లకు పైన. 10 డిగ్రీలకు దిగితే దాదాపు 45 రెట్లే. పైగా కొట్టిన ప్రతిసారీ సిలిండర్ మరింత చల్లబడుతుంది. వరుసగా కొడితే గోళీ సగం దూరంలోనే నేలకూలుతుంది. ఇంకా ఎక్కువ కొడితే ద్రవమే గన్‌లోకి దిగి రబ్బరు వాషర్లను గడ్డకట్టిస్తుంది. అంటే హైదరాబాద్‌లో సెప్టెంబరులో బాగా పనిచేసిన గన్, జనవరి పొద్దున ఆదిలాబాద్ తెచ్చుకుంటే మొరాయిస్తుంది. కుక్కిన గాలికి ఈ జబ్బు చాలా తక్కువ, రెగ్యులేటర్ ఒత్తిడిని ఒకేలా ఉంచుతుంది. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడు ద్రవంగా ఉండదు, నిండు సిలిండర్లో ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. మే నెలలో కరీంనగర్ ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలేయడం మహా పొరపాటు.

గోళీలకు తడి పడదు. వాటి పెంకు మందుల షాపులో దొరికే చేపనూనె గుళికల పెంకు లాంటిదే, జిలటిన్. తడిచేత్తో పట్టుకున్న గోళీని రెండు నిమిషాలయ్యాక చూడండి. పైన జిగురు, ఒక పక్క ఉబ్బు, ఇంకో పక్క సొట్ట. గన్ గొట్టంలో అడ్డంగా పగులుతుంది. ఆ తర్వాత కొట్టేవన్నీ వంకరగానే పోతాయి. మరీ చలిలో పెంకు పెళుసెక్కి అప్పుడూ లోపలే పగులుతుంది. జిప్పు కవర్లో, జెర్కిన్ లోపలి జేబులో పెట్టుకుంటే సగం బెడద తగ్గుతుంది.

గన్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకివ్వనో చెప్పాలంటే ఈ ఆట పుట్టుక చెప్పాలి. ఈ గన్‌ను మొదట ఆట కోసం చేయలేదు. అమెరికాలో అటవీ సిబ్బంది నరకాల్సిన చెట్లకు దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికీ, పశువుల మందలో కొన్నిటిని గుర్తుపట్టడానికీ నెల్సన్ పెయింట్ కంపెనీ అమ్మిన పనిముట్టు అది, పేరు నెల్‌స్పాట్ 007. మన అడవుల్లో అదే పనికి చెట్టు చెక్కి సుత్తితో ముద్ర కొడతారు. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెనికర్ అనే ఊళ్లో 12 మంది ఆ గన్లు పట్టుకుని అడవిలోకి దిగి జెండాల ఆట ఆడారు. గెలిచినవాడు రిచీ వైట్, అడవి పనిచేసేవాడు. ఒక్క గోళీ కూడా కొట్టకుండా, ఎవరికీ కనబడకుండా నడిచి జెండాలన్నీ పట్టుకొచ్చాడు. ఆ రోజు పనికొచ్చింది అతని కళ్లు, కాళ్లు.

ఆ తేదీ చూసినప్పుడల్లా నాకు ఇంకో తేదీ గుర్తొస్తుంది. దానికి రెండు నెలల వారం ముందు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. అడవిలో తుపాకీ అన్న మాటకు హెనికర్‌లో ఒక అర్థం, మన దగ్గర ఇంకో అర్థం. జగిత్యాల నుంచి ఉట్నూరు దాకా ఆ రోజుల్ని చూసిన పెద్దలు ఊరూరా ఉన్నారు. ముఖానికి ముసుగు, ఒంటికి ఆకుపచ్చ చారల బట్టలు, చేతిలో గన్ ఆకారం, ఇలా నలుగురు కుర్రాళ్లు చెరువుకట్ట దిగి వస్తుంటే చూసే కళ్లకు అది ఆటలా కనబడదు. కాబట్టి మిలిటరీ రంగు బట్టలు కొనకండి. ఎరుపో, పసుపో, కొట్టొచ్చినట్టు కనబడే జెర్సీ వేసుకోండి. కంచె ఉన్న గ్రౌండులోనే ఆడండి, మొక్కజొన్న చేలలో, గుట్టల్లో వద్దు. కవ్వాల్ వైపు అసలే వద్దు. అది 2012 నుంచి పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మీది బొమ్మ తుపాకీ అని అక్కడ వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకండి. సొంత గన్ విదేశం నుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఆర్డరు పెట్టాక కాదు, పెట్టకముందే కస్టమ్స్‌నూ పోలీసులనూ అడగాలి.

ఇక లెక్క. చేతిలో ఐదారు వేలుంటే అందులో పెద్ద భాగం మాస్కుకే పోనివ్వండి. మిగిలినదాంట్లో స్టడ్ల బూట్లు, వేళ్లు కదిలేంత సన్నటి చేతి తొడుగులు, మోకాలి ప్యాడ్లు. స్వెట్టర్, జెర్కిన్ ఇంట్లో ఉన్నవే. గన్ అద్దెకు. రెండు మూడు సీజన్లు ఆడాక కూడా సరదా మిగిలితే అప్పుడు ఆలోచించండి, చాలామందికి మిగలదు. పాతది కొనుక్కోవచ్చా అంటే బూట్లు, ప్యాడ్లు, జెర్కిన్ నిరభ్యంతరంగా పాతవి కొనుక్కోండి. మాస్కు అద్దం మాత్రం కొత్తదే కొనండి. ఎవరి ఆటలోనో ఎన్ని దెబ్బలు తిని వచ్చిందో చూస్తే తెలియదు.