పత్తి చేల నడుమ కిక్రి సాధన

ఉద్యోగం, సంసారం మధ్య పియానో నేర్చుకోదలచిన పెద్దవారికి రోజూ అరగంటైనా తీరిక చేసుకోవాలని సంగీత గురువులు చెబుతుంటారు. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో రాజ్‌గోండుల వంశగాథలను గానం చేసే పర్ధాన్ కళాకారులు కూడా సేద్యం చేసుకుని బతికేవారే అయినా, వారి సాధనకు వేళను నిర్ణయించేవి పంటకాలమూ, తరతరాలుగా తమను పోషిస్తున్న గోండు కుటుంబాల పిలుపూ.

వారి వాద్యం కిక్రి. డొల్లగా తొలిచిన కొయ్యకు తోలు బిగించి, మూడు తంత్రులు కట్టి, కమానుతో వాయిస్తారు. పాడేవాడే వాయించాలి కనుక, మనసు కథలో రాబోయే ఘట్టాన్ని వెతుక్కుంటున్నంతసేపూ చేయి తనంతట తాను రాగాన్ని నడపగలగాలి. ప్రధాన గాయకుని చరణాంతాన్ని వంతపాటవారు అందుకున్నప్పుడు దొరికే ఆ కాస్త వ్యవధిలోనే అతడు తరువాతి మాటను కూడదీసుకుంటాడు. కొత్తగా నేర్చుకునేవాడు ఈ వంతపాటలోనే ఏళ్ల తరబడి కూర్చుని కథనంతా వంటబట్టించుకుంటాడు కాబట్టి, అభ్యాసానికీ ప్రదర్శనకూ మధ్య గోడ ఉండదు. ఇంట్లో ఎక్కువగా మరాఠీ మాట్లాడే పర్ధానులు గాథలను గోండిలో పాడవలసి రావడం ఈ సాధనను మరింత కఠినం చేస్తుంది, ఎందుకంటే నిత్యవ్యవహారంలో నలగని మాట త్వరగా జారిపోతుంది.

గోండుల గోత్రాలు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతలను కొలిచే నాలుగు 'సగ'లుగా, అంటే బంధుసముదాయాలుగా, ఏర్పడ్డాయి. ఒక్కొక్క సగకూ తనదైన గాథ ఉంది. వంశదేవత అయిన పెర్సాపేన్ కొలుపులు పుష్య, వైశాఖ మాసాల్లో జరుగుతాయి. పుష్యానికి వానాకాలపు పంట చాలావరకు ఇల్లు చేరుతుంది, వైశాఖంలో చేలు తొలకరి కోసం ఎదురుచూస్తుంటాయి. పాటకు ఇంతకన్నా అనువైన అదను లేదు. పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయులు కేస్లాపూర్‌లో జరిపే నాగోబా జాతర ఈ క్రమంలోనిదే. ఆపైన పోషకుల ఇళ్లలో పెళ్లిళ్లకూ, చావు కర్మలకూ పిలుపు వస్తూనే ఉంటుంది గనుక, ఒకే గాథ ఏడాదిలో ఎడమెడంగా మళ్లీ మళ్లీ గొంతుకెక్కుతుంది. ఒకేసారి వల్లె వేసినదానికన్నా విడతలుగా నెమరువేసినదే బాగా నిలుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో చూపిన సత్యాన్ని ఈ ఆచారం ఏ ప్రయోగశాలా లేకుండానే పాటిస్తోంది.

దీపావళికి జరిగే దండారి ఉత్సవం మాత్రం సరిగ్గా పత్తి తీతల వేళే వస్తుంది. అయినా గుస్సాడీ నృత్య దళాలు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి. ఆ నృత్యానికి మార్లవాయికి చెందిన కనక రాజు 2021లో పద్మశ్రీ అందుకున్నారు.

1940లలో అదే మార్లవాయిలో నివసించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, గోండుల పురాణాలనూ ఆచారాలనూ 1948లో గ్రంథస్థం చేశారు. అది అమూల్యమైన పని. అయితే పియానో స్వరలిపి బల్లమీద ఎన్నాళ్లైనా వేచి ఉన్నట్టు కిక్రి గానం కాగితం మీద వేచి ఉండదు. కమాను ఎక్కడ ఆగాలో, వంతపాట ఎక్కడ అందుకోవాలో పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుంది. వేదికలపై పది నిమిషాల ప్రదర్శనకు ఒక ఘట్టం చాలు, గాథ మొత్తం గుర్తుండాలంటే మాత్రం గంటల తరబడి వినే ఇంటివారు కావాలి. ఆ పిలుపులు తగ్గిన చోట పర్ధానులకూ, కిక్రినే నమ్ముకున్న 'తోటి' అనే మరో తెగ కళాకారులకూ మొదట కరువయ్యేది వంతపాటకు కూర్చునే పిల్లలే.